కింద పెట్టే కాలిని బట్టి బోర్డు కొనుక్కో

చిరంజీవి బుజ్జికి,

పిన్ని ఆశీస్సులు. నువ్వు కొనబోయే లాంగ్‌బోర్డు, అదే పొడుగాటి స్కేట్‌బోర్డు, ఫొటో చూశాను. బోర్డు అందంగానే ఉంది. అడుగున కెరటాలు, కొబ్బరిచెట్లు, మునిగిపోతున్న సూర్యుడు. కాకపోతే ఆ బొమ్మ నీకు కనబడేది బోర్డుని గోడకి ఆనించినప్పుడూ, నువ్వు కిందపడి అది తిరగబడినప్పుడూ మాత్రమే. అందుకని బొమ్మ సంగతి కాసేపు పక్కన పెడదాం.

ముప్పై ఆరేళ్ళొచ్చాక, ఇద్దరు పిల్లల తండ్రివయ్యాక, పొద్దున్నే లాంగ్‌బోర్డు మీద కాసేపు హాయిగా తిరగాలనిపించిందన్నావు. నన్ను అడిగినందుకు సంతోషంరా. నేను మొదలుపెట్టింది నలభై అయిదో ఏట. లివర్‌మోర్ గుడి దగ్గర కనబడిన వాళ్ళందరూ "ఈ వయసులో ఇదేం పనండీ" అన్నారు. చేతికి కట్టు చూశాక ఇంకాస్త గట్టిగా అన్నారు.

ఆ కట్టు కథే ముందు చెప్పేస్తాను, నా సలహాలు సగం అందులోంచి పుట్టినవే. మొదటి బోర్డు ఒక పెద్ద స్టోర్‌లో పిల్లల బొమ్మల వరసలో కొన్నాను. అరవై డాలర్లు. చక్రాలు చిన్నవి, గోరు దిగనంత గట్టివి. అదేమైనా తప్పేమో అని కూడా నాకు తట్టలేదు. రెండో వారంలో ట్రెయిల్ మీద ఓక్ చెట్టు కాయ ఒకటి, మన రేగిపండంతది, ముందు చక్రం కింద పడింది. బోర్డు అక్కడే ఆగిపోయింది, నేను ఆగలేదు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు మీ బాబాయి వంట చేశాడు. ఆ ఆరు వారాల గురించి మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకోం.

అసలు సంగతికి వస్తాను. బోర్డు కొనడానికి వెళ్ళిన వాళ్ళంతా దాని మీద ఎలా నిలబడతామో చూస్తారు. నువ్వు కింద పెట్టే కాలు చూసుకో. బోర్డు కదలాలంటే ఒక కాలు నేలని తొయ్యాలి. ఆగాలన్నా అదే కాలి అడుగుని మెల్లగా నేలకి రాయాలి. ఈ రెండు పనులకీ బోర్డు మీదున్న మోకాలు వంగాలి. అంటే ప్రతి తోపూ ఒంటికాలి మీద తీసే ఓ చిన్న గుంజీ. మైలు దూరం వెళ్ళేసరికి అలాంటివి వందలు. బోర్డు నేలకి ఎంత ఎత్తులో ఉంటే గుంజీ అంత లోతు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఆ తేడా తెలియదు. ఆఫీసు కుర్చీలో పదేళ్ళు కూర్చున్న నీ మోకాలికి మొదటి రోజే తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఎత్తు మీద నిలబడితే కాలు కింద పెట్టడానికి మనసు వెనకాడుతుంది. అలా వెనకాడిన క్షణంలోనే మనం పడతాం.

నువ్వు చూపించింది పిన్‌టెయిల్. ఆ కొన తీరిన ఆకారం సర్ఫ్‌బోర్డుల నుంచి వచ్చింది. ఈ ఆట పుట్టిందే 1950ల్లో, కాలిఫోర్నియా సర్ఫర్లు కెరటాలు లేని రోజుల్లో రోడ్డెక్కినప్పుడు. పిన్‌టెయిల్‌లో ట్రక్కులు, అంటే చక్రాలు తగిలించే ఇరుసులు, చెక్క అడుగున బిగిస్తారు, దాన్ని టాప్‌మౌంట్ అంటారు. ఒంగితే చాలు, చక్కగా తిరుగుతుంది. కానీ ఎత్తు. నీకు నేను చెప్పేది డ్రాప్‌త్రూ. చెక్కకి రెండు కొసల్లో కంత చేసి, ట్రక్కు అందులోంచి పైకి వచ్చేలా బిగిస్తారు. దాదాపు అంగుళం కిందికి దిగుతుంది. అంగుళమేగా అనుకోకు, వంద గుంజీల తరవాత చెప్పు. మలుపు మాత్రం టాప్‌మౌంట్ అంత చురుగ్గా ఉండదు, అది ఒప్పుకోవాల్సిందే. నీ పొడుగుకి 38 నుంచి 41 అంగుళాల బోర్డు సరిపోతుంది. పిన్‌టెయిల్ మీద అంత మనసైతే రెండో బోర్డుగా కొనుక్కో. రెండోది కొంటావు, ఆ సంగతి నాకు తెలుసు.

ట్రక్కు అంటే లారీ కాదని మీ బాబాయికి రెండేళ్ళకి అర్థమైంది. చెక్కకీ చక్రాలకీ మధ్య ఉండే లోహపు సరంజామా అది. నువ్వు ఒక పక్కకి ఒంగితే బోర్డు అటు తిరిగేది దాని వల్లే. లాంగ్‌బోర్డుకి రివర్స్ కింగ్‌పిన్ రకం ఉండాలి, అంటే మధ్య బోల్టు బోర్డు లోపలివైపుకి కాకుండా బయటికి చూస్తూ ఉంటుంది. వెడల్పు 180 మిల్లీమీటర్లు, కోణం 50 డిగ్రీలు అని ఉంటే కళ్ళు మూసుకుని తీసుకో.

ట్రక్కులో అసలు కీలకం మాత్రం ఎవరూ చూపించని చోట ఉంది. ఆ మధ్య బోల్టుకి రబ్బరు ముక్కల్లాంటివి గుచ్చి ఉంటాయి, వాటిని బుషింగ్‌లంటారు. నువ్వు ఒంగినప్పుడు నలిగి, మళ్ళీ నిన్ను నిటారుగా నిలబెట్టేవి అవే. కంపెనీ వాళ్ళు మధ్యరకం బరువుకి సరిపోయేవి వేసి పంపిస్తారు. నువ్వు 86 కిలోలు ఉన్నావు, కోపం తెచ్చుకోకు, అక్కే చెప్పింది. ఆ బరువుకి అవి మెత్తనవుతాయి. కొంచెం వేగం రాగానే బోర్డు కుడికీ ఎడమకీ పాములా ఊగిపోతుంది. అప్పుడు అందరూ చేసే తప్పు, నట్టు బిగించెయ్యడం. బిగిస్తే ఊగడం తగ్గుతుంది గానీ తిరగడం కూడా పోతుంది. అలా చెయ్యకుండా 90ఏ ప్రాంతంలో ఉండే గట్టి బుషింగ్‌లు అడుగు. ఆ అంకె గట్టిదనానికి కొలత, పెరిగేకొద్దీ గట్టివి. పది, పదిహేను డాలర్ల ఖర్చు. షాపులోనే మార్చి ఇస్తారు. ఈ చిన్న మార్పుతో మామూలు బోర్డు కూడా నీ మాట వింటుంది. ఇంకో మాట, ఊగడం మొదలైతే భయపడి వెనక్కి వాలకు. బరువు ముందుకాలి మీదికి తెచ్చుకో.

ఇక చక్రాలు. వీటి దగ్గర పిసినారితనం వద్దు, నా మణికట్టు సాక్షిగా చెబుతున్నాను. 1970ల ముందు స్కేట్‌బోర్డు చక్రాలు లోహంతోనో, కాల్చిన మట్టిలాంటి గట్టి పదార్థంతోనో ఉండేవి. క్లే వీల్స్ అనేవారు. చిన్న రాయి తగిలినా మనిషి ఎగిరిపడేవాడు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే కుర్రాడు యురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ చక్రాలు తెచ్చి అమ్మాడు, దాంతో ఈ ఆటకి మళ్ళీ ప్రాణం వచ్చింది. యురేథేన్ రాయిని తన మీద కొంచెం మింగి దాటేస్తుంది. అయితే అందులోనూ మెత్తనివీ గట్టివీ ఉన్నాయి. చక్రం మీద రెండు అంకెలుంటాయి. ఒకటి వ్యాసం, రెండోది గట్టిదనం. పార్కుల్లో ఎగిరే పిల్లల చక్రాలు 52 మిల్లీమీటర్లు, 99ఏ అలా ఉంటాయి. అవి నునుపైన సిమెంటు కోసం. నీకు కావలసింది 70 మిల్లీమీటర్లు, 78ఏ. పెద్దది కాబట్టి పగుళ్ళలో దిగబడదు, మెత్తనిది కాబట్టి గరుకు రోడ్డు మీద పళ్ళు కదలవు. అంకెలు మర్చిపోతే గోటితో నొక్కి చూడు, రవ్వంతైనా లొంగాలి.

పెద్ద చక్రం వల్ల ఒక ప్రమాదం కూడా ఉంది. మలుపులో బాగా ఒంగినప్పుడు చక్రం చెక్కకి తగిలిందంటే బ్రేకు వేసినట్టు బోర్డు ఆగిపోతుంది. వీల్‌బైట్ అంటారు. డ్రాప్‌త్రూ బోర్డుల్లో చక్రాల దగ్గర చెక్కని కోసేసి ఉంచుతారు కాబట్టి ఆ భయం తక్కువ. అయినా కొనేముందు బోర్డు ఎక్కి, షాపువాడి భుజం పట్టుకుని, ఒక పక్కకి పూర్తిగా ఒంగు. తగిలితే వద్దు.

బేరింగుల గురించి ఎక్కువ ఆలోచించకు. ఏబెక్ 7, ఏబెక్ 9 అని డబ్బాల మీద గొప్పలు రాస్తారు. అది యంత్రాలు నిమిషానికి వేల చుట్లు తిరిగే చోటికి పెట్టిన లెక్క, మన తోపుడు బండికి కాదు. వానలో తిరక్కు, తడిస్తే తుప్పు పడతాయి. అంతే.

చెక్క విషయంలో నీ బరువు మళ్ళీ అడ్డొస్తుంది. మేపుల్ పొరలు అతికించినవి గట్టిగా ఉంటాయి. వెదురు, ఫైబర్‌గ్లాస్ కలిపినవి కొంచెం స్ప్రింగులా ఊగుతాయి. రోడ్డు అదురు కాలికి తెలియకుండా మింగుతాయి, నాకు అవే ఇష్టం. కానీ మనిషి ఎక్కగానే నులక మంచంలా కుంగిపోయే చెక్క తీసుకుంటే తొయ్యడం శిక్ష. ఎక్కి నిలబడ్డాక బోర్డు సమంగా ఉండాలి, మధ్యలో గుంట పడకూడదు. ఒకే బోర్డుని బరువుని బట్టి రెండు మూడు రకాల గట్టిదనంతో చేసే కంపెనీలు ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌లో లోడెడ్ వాళ్ళు అలా ఇస్తారు, ఖరీదు మాత్రం గట్టిదే. శాన్ డియేగోలో పుట్టిన సెక్టర్ నైన్, వాంకూవర్‌లో ల్యాండ్‌యాట్స్, వెనిస్‌లో మొదలైన ఆర్బర్, వీటిలో ఏదైనా తప్పు కాదు. విడిభాగాలు కొని బిగించుకునే సరదా ఇప్పుడు వద్దు. అన్నీ బిగించి ఉన్న కంప్లీట్ తీసుకో. రెండు వందల డాలర్లకి అటూ ఇటూగా మంచిది దొరుకుతుంది.

బార్ట్ రైల్లో చంకలో పెట్టుకెళ్ళడానికి వీలుగా 28 అంగుళాల చిట్టి క్రూజర్ బోర్డు బాగుంటుందేమో అని కూడా అడిగావు. మీ బాబాయీ అలాగే అన్నాడు, కొన్నాడు. అది గ్యారేజీలో బియ్యం బస్తా పక్కన ఉంది. చక్రాల మధ్య దూరం తక్కువ కావడంతో చీమ తుమ్మినా ఊగుతుంది. ముందు పెద్దదాని మీద ఆరు నెలలు గడిపితే అప్పుడది ముద్దొస్తుంది.

వాడిన బోర్డు కొంటానంటే నాకు అభ్యంతరం లేదు. బోల్టుల చుట్టూ సన్నటి పగుళ్ళు, అంచుల్లో విడిపోయిన పొరలు ఉన్నాయేమో చూడు, వానలో పడేసిన బోర్డులు అలా అవుతాయి. చక్రాన్ని వేలితో దొర్లించి గుండ్రంగానే ఉందా, ఒక పక్క అరిగి చదునయ్యిందా అని గమనించు. చక్రాలు మార్చుకోవచ్చు, పగిలిన చెక్కని ఏం చెయ్యలేం.

బోర్డుతో పాటే, మర్నాడు కాదు, అదే బిల్లులో, హెల్మెట్, మణికట్టు గార్డులు కొను. కాలిఫోర్నియా చట్టం హెల్మెట్ పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకే తప్పనిసరి అంటుంది. చట్టానికి మన తల గురించి ఏం తెలుసు, నువ్వు పెట్టుకో. పిల్లలు కూడా చూస్తారు. హెల్మెట్ లోపల ఏఎస్‌టీఎం ఎఫ్1492 అని రాసి ఉండాలి, అది స్కేటింగ్ కోసం పెట్టిన ప్రమాణం. పడుతున్నప్పుడు ఎవరైనా ముందు చేతులే చాపుతారు, అందుకే మణికట్టు గార్డులు. చెప్పులతో ఎక్కావంటే నా దగ్గరికి రాకు. మడమ దగ్గర ఎత్తుగా ఉండే పరుగు బూట్లు కూడా పనికిరావు. చదునైన అడుగు ఉన్న క్యాన్వాస్ బూట్లు చాలు.

ఏ కాలు ముందు పెట్టాలో తెలీదన్నావు. తాతగారింట్లో నూతి గచ్చుకి పాకుడు పట్టినప్పుడు పరుగెత్తుకొచ్చి జారేవాడివి గుర్తుందా, అమ్మమ్మ తిడుతూ ఉండేది? అప్పుడు ముందు పెట్టిన కాలే నీ ముందుకాలు. గుర్తులేకపోతే సాక్సులతో హాల్లో జారి చూడు. ఎడమైతే రెగ్యులర్, కుడైతే గూఫీ అంటారు. ఏదీ తప్పు కాదు. తొయ్యడం మాత్రం వెనకకాలితోనే. ముందుకాలితో తోసే అలవాటు పడితే తరవాత మాన్పించడం నా వల్ల కాదు.

నీ ఇల్లు గుట్ట మీద ఉంది. ఇంటి గుమ్మం నుంచే బోర్డెక్కాలనే ఆలోచన వస్తుంది, రానివ్వకు. ఆ వాలు మీద కాలు రాసి ఆపడం నాకే చేతకాదు. బోర్డు కారులో వేసుకుని ఐరన్ హార్స్ ట్రెయిల్‌కి రా. 1891లో వేసిన సదరన్ పసిఫిక్ రైలు దారి అది. 1970ల చివర్లో రైళ్ళు ఆగిపోయాక నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ ట్రెయిల్ అయింది. రైలు ఎత్తులు ఎక్కలేదు కదా, అందుకే శాన్ రమోన్, డాన్‌విల్ దగ్గర అంత చదునుగా ఉంటుంది. మన లాంటి వాళ్ళ కోసమే వేసినట్టుంటుంది. రోడ్డు దాటే చోట్ల మాత్రం దిగి, బోర్డు చేత్తో పట్టుకుని దాటు. శరదృతువులో ఓక్ చెట్ల కింద కళ్ళు నేల మీదే ఉండాలి.

ఇప్పుడే ఏదీ ఆర్డర్ పెట్టకు. ఆదివారం పొద్దున్న ఏడింటికి శాన్ రమోన్‌లో ట్రెయిల్ దగ్గర ఉంటాను. నా డ్రాప్‌త్రూ, మూలపడ్డ నా పాత టాప్‌మౌంట్ రెండూ తెస్తాను. రెండిటి మీదా పదేసి సార్లు తోసి, పదేసి సార్లు ఆగు. తరవాత షాపుకి వెళదాం, పదింటికి తెరుస్తారు. దారిలో ఫ్లాస్కులో కాఫీ ఉంటుంది. మణికట్టు గార్డులు నావి నీకు పట్టవు, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో. అక్కకి నేనేం చెప్పలేదు. ఫోన్ చేస్తే నాకేం తెలీదంటాను, నువ్వే చెప్పుకో.

ఇట్లు,
మీ పిన్ని