అడగండి, చెబుతాం: ఆరు లక్షల గేమింగ్ పీసీ

ప్రశ్న (కరీంనగర్ పాఠకుడు): మొత్తం ఆరు లక్షల దాకా పెట్టగలను. 4కేలో ఆడాలని కోరిక. షాపువాళ్లు ఇచ్చిన కొటేషన్‌లో ఆర్‌టీఎక్స్ 5080, రైజెన్ 9 9950ఎక్స్3డీ, లక్ష రూపాయల మదర్‌బోర్డు, 128 జీబీ ర్యామ్, 850 వాట్ల పవర్ సప్లై ఉన్నాయి. మానిటర్ ఇంట్లో ఉన్న 1080పీ, 75 హెర్ట్జ్‌దే వాడదామనుకుంటున్నాను. ఏమైనా మార్చాలా?

జవాబు: చాలానే మార్చాలి. ముందు మానిటర్. 1080పీ తెర మీద సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి, 4కేలో 83 లక్షలు. గ్రాఫిక్స్ కార్డుకు (మీ కొటేషన్‌లోని ఆర్‌టీఎక్స్ 5080) ఎంత పని పడుతుందో తేల్చేది ఈ లెక్కే. మీ పాత మానిటర్‌కు ఏ కార్డు తగిలించినా సెకనుకు 75 ఫ్రేములకు మించి కంటిదాకా రావు. మీరు పెట్టిన డబ్బంతా క్యాబినెట్‌లోనే ఉండిపోతుంది. 32 అంగుళాల 4కే, 240 హెర్ట్జ్ ఓలెడ్‌కు డబ్బు పక్కన పెట్టాకే మిగతా సామాను రాసుకోండి. పగలంతా అదే తెర మీద ఎక్సెల్ పని కూడా చేసేటట్టయితే ఓలెడ్ మానేసి మినీ ఎల్‌ఈడీ చూడండి. కదలకుండా ఉండే టాస్క్‌బార్ లాంటివి కొన్నేళ్లకు ఓలెడ్ మీద మచ్చలా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ఇక కార్డు. ఆర్‌టీఎక్స్ 5090లో 32 జీబీ మెమరీ, 5080లో 16 జీబీ. 2025 జనవరిలో ఎన్విడియా ప్రకటించిన భారత ధరలు 2,14,000, 1,07,000 రూపాయలు. 5090 ఆ ధరకు దొరకదనుకునే లెక్క వేసుకోండి. రెట్టింపు ధరకు రెట్టింపు వేగం రాదు, 4కేలో సుమారు సగం మేర పెరుగుతుంది. బేరంగా చూస్తే 5080యే నయం. కానీ 4కే, 240 హెర్ట్జ్ మానిటర్ కొని, ఇంకా చేతిలో డబ్బున్నవాళ్లు దాన్ని ఖర్చు పెట్టాల్సిన చోటు కార్డే, మదర్‌బోర్డు కాదు. మీ కొటేషన్‌లో అదే తలకిందులైంది.

ప్రాసెసర్ రైజెన్ 7 9800ఎక్స్3డీ చాలు. ఎనిమిది కోర్లు, 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ). ఆటలకు పనికొచ్చేది ఆ క్యాషే. 9950ఎక్స్3డీలో కోర్లు పదహారున్నా, అదనపు క్యాష్ ఎనిమిది కోర్ల గుంపు ఒక్కదానికే ఉంది. ఆట నడిచేటప్పుడు విండోస్ రెండో గుంపును పక్కన పెట్టాలి. చిప్‌సెట్ డ్రైవర్ సరిగ్గా పడకపోతే ఆట తప్పు గుంపు మీదికి వెళ్లి ఫ్రేములు కుదుపుతాయి. వీడియో ఎడిటింగ్, రెండరింగ్ ఉన్నవాళ్లకు అది మంచి కొనుగోలే. ఉత్త ఆటలకైతే అనవసరం.

9800ఎక్స్3డీ ఎంత ఒత్తిడిలోనైనా దాదాపు 160 వాట్లు దాటదు. ఆ మాత్రానికి లక్ష రూపాయల బోర్డు వోల్టేజ్ సర్క్యూట్ దండగ. మంచి బీ850 చిప్‌సెట్ బోర్డు తీసుకోండి. కొనేముందు రెండు విషయాలు చూడండి. వెనక బయోస్ (బోర్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందా? పాత స్టాకు బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తించకపోతే గట్టెక్కించేది అదే. రెండోది, మాన్యువల్‌లో ఎం.2 స్లాట్ల (ఎస్‌ఎస్‌డీలు పెట్టేవి) పట్టిక. ఖరీదైన ఎక్స్870ఈ బోర్డుల్లో కూడా కొన్నింటిలో రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే గ్రాఫిక్స్ స్లాట్ 16 లేన్ల (డేటా నడిచే దారులు) నుంచి 8కి పడిపోతుంది. పీసీఐఈ 5.0లో 8 లేన్లతో పోయే వేగం చాలా తక్కువే, నిద్ర పాడుచేసుకోవాల్సినంత కాదు. కాకపోతే పక్క స్లాట్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ మాత్రమైనా ఎందుకు పోగొట్టుకోవాలి?

ఎస్‌ఎస్‌డీ జెన్4లో 2 టీబీ తీసుకుంటే చాలు. జెన్5 డ్రైవ్ పెద్ద ఫైళ్ల కాపీలో దూసుకెళ్తుంది, ఆటలు తెరుచుకోవడంలో తేడా మీకు తెలియదు, వేడి మాత్రం తెలుస్తుంది.

పవర్ సప్లై: 5080కి ఎన్విడియా చెప్పేది 850 వాట్లు, 5090కి 1000. 5090 తీసుకుంటే ఏటీఎక్స్ 3.1 ముద్ర ఉన్న 1200 వాట్లది కొనండి. కార్డు సెకనులో అతి చిన్న భాగంపాటు తన మామూలు వాడకాన్ని బాగా దాటి లాగుతుంటుంది. ఆ కుదుపులకు ఆగిపోకుండా ఉండాలన్నదే ఏటీఎక్స్ 3 ప్రమాణం ఉద్దేశం. మాడ్యులర్ సప్లై (కేబుళ్లు ఊడదీయగలిగేది) అయితే దానితో వచ్చిన కేబుళ్లే వాడండి. సప్లై వైపు పిన్నుల అమరిక ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. పాత సప్లైకి చెందిన సాటా కేబుల్ (హార్డ్ డిస్కుకు కరెంటిచ్చేది) కొత్తదానికి పట్టినట్టే పడుతుంది, హార్డ్ డిస్కు మాత్రం కాలిపోవచ్చు.

కూలర్‌గా రెండు టవర్ల ఎయిర్ కూలర్ ఈ ప్రాసెసర్‌కు ధారాళంగా సరిపోతుంది. ఎత్తు 155 నుంచి 168 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి క్యాబినెట్ కొలత చూసుకోండి. లిక్విడ్ కూలరే కావాలంటే రేడియేటర్ పైకప్పుకు బిగించండి. రేడియేటర్ కిందా పంపు పైనా ఉంటే లోపలి గాలి బుడగలు పంపులో చేరి గరగరమంటుంది, త్వరగా పాడవుతుంది కూడా. ఏ కూలరైనా అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయడం మరచిపోవద్దు. ఆన్ చేసిన నిమిషంలో 95 డిగ్రీలు చూపిస్తే మొదట అనుమానించాల్సింది దాన్నే.

ప్రశ్న (గుంటూరు పాఠకుడు): 5090 పవర్ కనెక్టర్ కరిగిపోయిన ఫొటోలు చూసి భయమేస్తోంది. నిజంగా అంత ప్రమాదమా?

జవాబు: ప్రమాదం ఉంది, కారణం తెలిస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. 575 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే దాదాపు 48 ఆంపియర్లు. అది ఆరు తీగల్లో పంచుకుంటే ఒక్కోదానికి 8. ఒక్కో పిన్ను భరించగలిగేది సుమారు 9.5 మాత్రమే. అంటే వెసులుబాటు చాలా తక్కువ. పైగా చాలా 5090 కార్డుల్లో ఆరు తీగలూ లోపలికి రాగానే ఒకటిగా కలిసిపోతాయి, ఏ తీగలో ఎంత కరెంటు వస్తోందో కార్డుకు తెలియదు. రెండు పిన్నులు వదులుగా ఉంటే వాటి భారం మిగతా నాలుగింటి మీద పడి తలా 12 ఆంపియర్లు అవుతుంది. కరిగేది అక్కడే. 12వీ-2×6 అనే సవరించిన కనెక్టర్‌లో సెన్స్ పిన్నులు (కేబుల్ పూర్తిగా దూరిందో లేదో కార్డుకు తెలిపేవి) పొట్టివి చేశారు, సగమే దూర్చితే కార్డు ఆన్ కాదు. అది మంచి మార్పే కానీ, తీగల మధ్య అసమానతను అది సరిచేయదు.

చేయాల్సింది ఇదీ: కార్డును క్యాబినెట్‌లో బిగించకముందే కేబుల్‌ను బల్ల మీద పూర్తిగా దూర్చండి. టార్చి వేసి అంచు చుట్టూ సందు లేదని చూడండి. కనెక్టర్ నుంచి మొదటి 35 మిల్లీమీటర్లు కేబుల్ నిటారుగా ఉండాలి, ఆ తర్వాతే వంపు. పక్క అద్దం కేబుల్‌ను నొక్కుతోందంటే ఆ క్యాబినెట్ మీ కార్డుకు సరిపోదు, అంతే. 350 మిల్లీమీటర్ల పొడవు, మూడున్నర స్లాట్ల మందం ఉన్న కార్డులు మామూలైపోయాయి కాబట్టి పొడవుతో పాటు వెడల్పూ కొలవండి. సప్లైలో నేరుగా 16 పిన్నుల కేబుల్ ఉంటే నాలుగు తోకల అడాప్టర్ జోలికి పోవద్దు. ఈ కనెక్టర్‌ను సుమారు 30 సార్లు తీసి పెట్టడానికే లెక్కగట్టి చేశారు, దుమ్ము దులిపిన ప్రతిసారీ ఊడదీయకండి.

ఇంకో మార్గం: ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి తగ్గించండి. కార్డు 460 వాట్ల దగ్గర ఆగుతుంది, ఫ్రేములు పది శాతంలోపే తగ్గుతాయి. మే నెలలో మన ఊళ్లలో ఇది కనెక్టర్‌కే కాదు, గదికీ మేలు. గోడ నుంచి 900 వాట్లు లాగే పీసీ 900 వాట్ల వేడి గదిలోకి వదులుతుంది. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి 3,500 వాట్లు. అంటే ఏసీ శక్తిలో నాలుగో వంతు మీ పీసీకే పోతుంది.

ప్రశ్న (వరంగల్ పాఠకురాలు): 16 జీబీవి నాలుగు ర్యామ్‌లు పెడితే లైట్లు బాగుంటాయని షాపులో చెప్పారు. 6000 స్పీడువే తీసుకున్నాం. ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది. ఏం పాడైంది?

జవాబు: బహుశా ఏమీ పాడవలేదు. ఏఎం5 బోర్డులు (కొత్త రైజెన్ ప్రాసెసర్లకు వాడేవి) మొదటిసారి ఆన్ చేసినప్పుడు ప్రతి ర్యామ్‌తో లెక్కలు సరిచూసుకుంటాయి. దీన్ని ట్రైనింగ్ అంటారు. నాలుగు పెడితే పది నిమిషాలు దాటినా ఆశ్చర్యం లేదు. ఆ మధ్యలో స్విచ్ ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. బోర్డు మీద డీరామ్ (ర్యామ్ సూచిక) లైటు వెలుగుతున్నా ఓపిక పట్టండి.

అయితే నాలుగు ర్యామ్‌లు ఈ ప్లాట్‌ఫామ్‌కు పడవు. రైజెన్ 9000 వరుసకు ఏఎండీ హామీ ఇచ్చే వేగం రెండు ర్యామ్‌లతో 5600, నాలుగింటితో 3600. పెట్టె మీది 6000 అనేది ఎక్స్‌పో ఓవర్‌క్లాక్, అంటే బయోస్‌లో ఆన్ చేసి హామీ వేగాన్ని దాటించేది. రెండింటితో అది దాదాపు ఎప్పుడూ నిలబడుతుంది, నాలుగింటితో అదృష్టం. వీలైతే మార్చి 32 జీబీవి రెండు తీసుకోండి, 6000 సీఎల్30 (సీఎల్ అంటే ర్యామ్ జవాబిచ్చే ఆలస్యం). ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటు, నాలుగో స్లాటు. ఎక్స్‌పో ఆన్ చేశాక ఎస్‌ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమరీని నడిపే భాగానిది) 1.3 వోల్టులు దాటలేదని బయోస్‌లో చూడండి. 2023లో రైజెన్ ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయిన గొడవ తర్వాత ఏఎండీ పెట్టిన హద్దు అది. 2025 చివర్లో మెమరీ ధరలు మండిపోయాయి, కాబట్టి ఉత్త ఆటలకు 16 జీబీవి రెండు పెట్టుకుని ఊరుకున్నా నష్టం లేదు. షాపులో మార్చడానికి ఒప్పుకోకపోతే రెండు తీసి పక్కన పెట్టండి. లైట్లే కావాలంటే మెమరీ లేని ఉత్తుత్తి ర్యామ్‌లు అలంకారానికి విడిగా అమ్ముతారు. నవ్వులాట కాదు, నిజంగానే.

ప్రశ్న (ఒంగోలు పాఠకుడు): కొత్త పీసీ క్యాబినెట్ తాకితే చెయ్యి జివ్వుమంటోంది. షాపువాళ్లు సప్లై మార్చారు, అయినా అంతే. కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ మీద కూడా పీసీ ఆగిపోతోంది. 600 వీఏ యూపీఎస్ కొంటే చాలా?

జవాబు: సప్లైది తప్పు కాదు, మీ ఇంటి ఎర్తింగ్‌ది. ప్రతి పీసీ పవర్ సప్లైలోనూ (ఎస్‌ఎంపీఎస్) ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటులోని విద్యుత్ గోల తగ్గించే ఫిల్టర్ అది. ఎర్త్ తీగ ఉంటే ఆ కొద్ది కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ మొత్తం మెయిన్స్‌లో సగం, అంటే దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. అయినా యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టులు పోవడానికి అది చాలు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో అదే సాకెట్‌లో కొలిపించండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 దరిదాపుల్లో రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపే ఉండాలి. ఫేజ్-ఎర్త్ వంద పైచిలుకు మాత్రమే చూపిస్తే ఎర్త్ తీగ ఎక్కడో తెగింది, లేదా అసలు కలపనే లేదు. చాలా ఇళ్లలో మూడో రంధ్రం వెనక తీగే ఉండదు. ఎర్త్ గుంత ఎండిపోయినా ఇదే బాధ. న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. న్యూట్రల్ ఊడిన రోజున క్యాబినెట్ మీదికి పూర్తి 230 వోల్టులు వస్తాయి.

ఇన్వర్టర్ సంగతి: మంచి పవర్ సప్లై కరెంటు పోయాక 17 మిల్లీసెకన్ల వరకు తట్టుకుంటుంది, పూర్తి లోడు మీద ఇంకా తక్కువ. ఇంటి ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో అంతకన్నా ఆలస్యంగా మారుతుంది. వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు మార్చండి. ఫ్యాన్లతో పాటు ఈ పీసీని లాగే సత్తా చిన్న ఇన్వర్టర్‌కు ఎలాగూ ఉండదు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే. ఆట మధ్యలో కరెంటు పోతే అది కూయడం, ఆగిపోవడం ఒకేసారి జరుగుతాయి. 5090 పీసీకి, మానిటర్‌కు కలిపి 900 నుంచి 950 వాట్లు వేసుకోండి. 1200 వాట్లు ఇచ్చే 2000 వీఏ ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ కావాలి. వీఏ అంకె చూసి కాదు, వాట్ల అంకె చూసి కొనండి. సేవ్ చేసి ఆపడానికి ఐదు నిమిషాల బ్యాకప్ చాలు.

ప్రశ్న (హైదరాబాద్ పాఠకుడు): డాలస్‌లో ఉన్న బావ వచ్చే నెల వస్తున్నాడు. కార్డు, ప్రాసెసర్ అక్కడి నుంచి తెప్పించుకోవచ్చా? ఇక్కడ ఒకాయన వాడిన ఐ9-14900కే కూడా తక్కువకు ఇస్తానంటున్నాడు.

జవాబు: ప్రాసెసర్ తెప్పించుకోండి, పెట్టెలో వచ్చేదే. ట్రే ప్రాసెసర్‌కు (పెట్టె లేకుండా విడిగా అమ్మేది) ఏఎండీ నేరుగా వారంటీ ఇవ్వదు. కార్డు విషయంలో ఆగండి. చాలా బ్రాండ్ల వారంటీ అమ్మిన దేశానికే పరిమితం. అది పాడైతే సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల సముదాయం) కొన్న కార్డులా సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్లలేరు, మళ్లీ డాలస్‌కే పంపాలి. కస్టమ్స్‌లోనూ తేడా ఉంది. ప్రయాణికుడి వెంట ఒక లాప్‌టాప్‌కు ప్రత్యేక మినహాయింపు ఉంది, గ్రాఫిక్స్ కార్డుకు లేదు. 5090 విలువ మామూలు ఉచిత పరిమితిని ఎలాగూ దాటుతుంది. సుంకం కలుపుకుని, వారంటీ వదులుకుని మిగిలేదెంతో ముందే లెక్కేయండి. బావ తేవాల్సిందే అయితే బ్రాండ్‌కు మెయిల్ రాసి భారత్‌లో వారంటీ వర్తిస్తుందని రాతపూర్వకంగా తెచ్చుకోండి, బిల్లు కార్డుతో పాటే ఉంచండి.

వాడిన 14900కే వద్దు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ వోల్టేజ్ వల్ల లోపలి సర్క్యూట్ అరిగి ఆటలు కూలిపోయే సమస్య 2024లో బయటపడింది. ఆ ఏడాదే బయోస్ ద్వారా మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పెంచారు. సవరణ కొత్త నష్టాన్ని ఆపుతుంది, జరిగినదాన్ని పూడ్చదు. ఆయన బయోస్ ఎప్పుడు మార్చాడో మీకెలా తెలుస్తుంది?

ప్రశ్న (విశాఖ పాఠకుడు): 240 హెర్ట్జ్ మానిటర్ కొన్నా 60 లాగే అనిపిస్తోంది.

జవాబు: కేబుల్ మదర్‌బోర్డు పోర్టులో కాకుండా, కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టులో ఉందా చూడండి. తర్వాత విండోస్‌లో డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 240 ఎంచుకోండి, అది చాలాసార్లు తనంతట తాను మారదు. జాబితాలో 240 కనిపించకపోతే పాత కేబుల్ తీసి మానిటర్ పెట్టెలోని డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టండి.