చెల్లాయికి, అమ్మాయి కాలేజీల లిస్టు గురించి

చెల్లాయ్,

నిన్న ఫోనులో నీ గొంతు విని మనసు మనసులో లేదు. ఇంజనీరింగ్ సీటు కోసం రాసిన ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చిన సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు కదా! నెట్ సెంటర్ కుర్రాడు రాసిచ్చిన నూట పాతిక కాలేజీల కాగితం చూసి పిల్ల అన్నం కూడా మానేసిందన్నావు. ముందు ఆ కాగితం తీసి బీరువాలో పెట్టెయ్యి. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పాను. ఏటా ఈ రోజుల్లో మా వరండాలో ఎవరో ఒకరికి కౌన్సెలింగ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీలూ బ్రాంచీలూ వరసగా, రాసిపెడుతూనే ఉన్నాను. నా మేనకోడలికి నూట పాతిక అక్కర్లేదు.

ఒక పాత నోటుబుక్కు, పెన్సిలు తీసుకుని దాన్ని పక్కన కూర్చోబెట్టుకో. పిల్ల కుదుటపడ్డాక ఆ కాగితం మళ్ళీ తీసి, ఒక్కో కాలేజీ పేరు చదివి, "సీటు ఇక్కడే వస్తే వెళ్తావా?" అని మాత్రం అడుగు. వెళ్ళనంటే కొట్టెయ్యి. ఎదురింటి వాళ్ళబ్బాయి చదివిన కాలేజీ అయినా సరే, మన బావగారికి నచ్చిందైనా సరే. వెళ్తానంటే, ఎందుకో ఒక్క ముక్క దాని చేతే రాయించు. ఏమీ రాయలేక పెన్సిలు కొరుకుతూ కూర్చుందంటే అదీ కొట్టివేతే. ఇంతవరకూ బావగారు పక్కన లేకుండా చూసుకో. ఆయన మంచివారే, కానీ తండ్రి ముఖం చూస్తూ పిల్ల తన మాట చెప్పదు.

మిగిలినవాటికి పోయినేడు చివరి సీటు ఏ ర్యాంకుకి వచ్చిందో చూడాలి. కౌన్సెలింగ్ సైట్లోనే ఉంటుంది. కేటగిరీని బట్టి, బాలురకీ బాలికలకీ వేర్వేరు గళ్ళు ఉంటాయి. మన గోదావరి జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా కిందకి వస్తాయి, ఆ వరసే చూడాలి. పక్క గడి చూసి దిగులుపడ్డవాళ్ళని చాలామందిని చూశాను. ఒక్క ఏడాది అంకె నమ్మొద్దు, రెండు మూడేళ్ళవి పక్కపక్కన రాయించు.

ఇప్పుడు అసలు సంగతి. వరస పెట్టేటప్పుడు "ఏది వస్తుంది" అని కాదు, "ఏది కావాలి" అని పెట్టాలి. పిల్ల ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటరు మొదటి ఆప్షను చూస్తుంది, అక్కడ ఖాళీ లేకపోతే రెండోది, తర్వాత మూడోది. ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఆగిపోతుంది, కిందవి చూడదు. అందని కాలేజీ పైన పెట్టినందుకు నష్టం ఏమీ ఉండదు. వచ్చేదాన్ని పైన పెడితే మాత్రం కావలసింది పోతుంది.

మా పెద్దాడి విషయంలో నేను ఈ తప్పే చేశాను. వాడు ఒక కాలేజీలో ఈసీఈ, అదే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి, కావాలని పట్టుబట్టాడు. రాదులే అని దాన్ని ఏడో నంబరులో పెట్టి, ఇంటికి దగ్గర కాలేజీని మొదట్లో రాశాను. మొదటిదే వచ్చింది. తర్వాత చూస్తే వాడు కోరుకున్న సీటు వాడికన్నా వెనక ర్యాంకుకి వెళ్ళింది. వాడు ఆ కాగితం చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది చెల్లాయ్.

రెండో విడతలో మళ్ళీ ఆప్షన్లు పెడితే, కొత్త సీటు వస్తే చేతిలో ఉన్నది పోతుంది. అప్పుడు ఉన్నదానికంటే మెరుగైనవే రాయాలి. కాలేజీ కోడు అక్షరం అక్షరం రెండుసార్లు చూడు, ఒకేలాంటి పేర్లు చాలా ఉన్నాయి. తాడేపల్లిగూడెం ఎన్ఐటీ ఈ లిస్టులోకి రాదు, అది జేఈఈ మెయిన్ ర్యాంకుతో జోసా అనే జాతీయ కౌన్సెలింగ్‌లో వచ్చేది. దానికి వేరే పేజీ పెట్టు.

లిస్టు పది పన్నెండుకి వచ్చాక, పైనున్న మూడు నాలుగైనా కళ్ళతో చూసి రావాలి. ఆదివారం కాదు, క్లాసులు జరిగే రోజు. మీ రాజోలు నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా భీమవరం పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. గేటు దగ్గర ఫ్లెక్సీలో ఉన్న జీతం ప్యాకేజీ ఒక్క పిల్లాడిది. క్యాంటీన్ దగ్గర సెకండియర్ అమ్మాయిల్ని పలకరించి, మీ బ్రాంచిలో పోయినేడు ఎంతమంది ఉద్యోగాల్లో చేరారని అడగమను. ల్యాబు చూడండి. ఒకచోట లేత్ మిషను మీది దుమ్ములో ఎవరో వేలితో పేరు రాసి ఉంది. దాన్ని వాడి ఎన్నాళ్ళయిందో ఎవరినీ అడగక్కర్లేకపోయింది. హాస్టలు బాత్రూములు కూడా చూడు, ఆడపిల్ల నాలుగేళ్ళు ఉండాలి. నాణ్యత చూసి ఇచ్చేవాటిలో న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి. పిల్ల చేరే బ్రాంచికి ఉందో లేదో అడగండి.

డబ్బు సంగతి పిల్ల ముందే మాట్లాడండి, దాచొద్దు. ఈ కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటుకి, అర్హత ఉంటే, ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తిస్తుంది, కాలేజీవాళ్ళే నింపుకునే మేనేజ్‌మెంటు కోటాకి వర్తించదు. బ్రోకర్ల ఫోన్లు ఈ వారమే మొదలవుతాయి, బావగారిని మొహమాటపడొద్దని చెప్పు. రీయింబర్స్‌మెంటు ఉన్నా హాస్టలు ఖర్చు మీదే. కొబ్బరి దింపు డబ్బు, రొయ్యల పట్టుబడి డబ్బు ఏ నెలలో చేతికొస్తాయో, కాలేజీవాళ్ళు ఏ నెలలో అడుగుతారో పక్కపక్కన రాసుకోండి.

శనివారం పొద్దున్న మొదటి బస్సుకే వస్తాను. ఈలోపు నోటుబుక్కులో కొట్టివేతలు అయిపోవాలి. రిజిస్ట్రేషనుకి ఇచ్చింది బావగారి నంబరే కదా, మెసేజీలన్నీ ఆ ఫోనుకే వస్తాయి. ఆ రోజు చెరువు మీదకి వెళ్ళకుండా ఇంట్లో ఉండమను.

ఆశీస్సులతో,
అన్నయ్య