కోచింగ్ కంటే ముందు కర్ర

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అమ్మాయికి 20 ఏళ్లు, ఇంటర్ పాసైంది. చిన్నప్పుడు రేచీకటి అనుకున్నాం. తర్వాత రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. ఇప్పుడు ఎదురుగా కొంచెం కనిపిస్తుంది, పక్కలు అసలు తెలియవు. రాత్రయితే ఏమీ కనపడదు. సదరం సర్టిఫికెట్ వచ్చింది. రెండేళ్లుగా ఇంట్లోనే ఉంది. అన్నం పెట్టడం దగ్గర్నుంచి అన్నీ నేనే చూసుకుంటున్నాను. బ్యాంకు ఉద్యోగాల్లో కోటా ఉందట. హైదరాబాద్‌లో ఏ కోచింగ్‌లో చేర్పించమంటారు? నేనూ వెళ్లి గది తీసుకుని తనతోనే ఉంటాను. మాది మేనరికం, తప్పు మాదే కాబట్టి నేనే చూసుకోవాలి.

జవాబు: అమ్మా, ముందు లెక్క చూద్దాం. బ్యాంకులో క్లర్కు పరీక్ష రాయాలన్నా డిగ్రీ ఉండాలి. మీ అమ్మాయిది ఇంటర్. కాబట్టి ఇప్పుడు బ్యాంకు కోచింగ్‌కు కట్టే ఫీజు వృథా. ఇంటర్‌తో రాయగలిగేవి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్లు పెట్టే సీహెచ్ఎస్ఎల్ లాంటి పరీక్షలు. ఇక వయసు సంగతి. క్లర్కు పోస్టుకు మామూలు అభ్యర్థులకు 28 ఏళ్ల పరిమితి ఉంటే, వైకల్యం ఉన్నవారికి మరో పదేళ్ల సడలింపు ఉంది. అంటే 38 దాకా. మీ అమ్మాయికి ఇంకా 20. తొందరేమీ లేదు. ఆ సమయంలో మొదటి ఆరు నెలలు కోచింగ్‌కు కాకుండా శిక్షణకు ఇవ్వండి. తెల్లకర్రతో ఒంటరిగా నడవడం, వంట, డబ్బు లెక్కపెట్టుకోవడం, కంప్యూటర్. డిగ్రీ ఆ తర్వాత.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తలకిందులుగా చేసినవాళ్లను చూశాను. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి క్లర్కు పరీక్ష నెగ్గాడు. తెలివైనవాడు. నోటితో చెబితే సహాయకుడు రాశాడు, మార్కులు వచ్చాయి. పోస్టింగ్ వేరే జిల్లాలో పడింది. నాన్నగారు పొలం కౌలుకిచ్చి వెంట వెళ్లారు. పొద్దున దింపడం, మధ్యాహ్నం కేరియర్ తేవడం, సాయంత్రం తీసుకురావడం. బ్యాంకులో ఆ అబ్బాయికి మూలన ఒక కుర్చీ వేశారు. కంప్యూటర్ ఎన్నడూ ముట్టలేదు కాబట్టి ఏ పనీ ఇవ్వలేదు. "జీతం వస్తోంది కదా బాబూ, కూర్చో" అన్నారట. ఆ మాట చెబుతూ నా ముందు ఏడ్చాడు. చివరికి సెలవు పెట్టి, ఇరవై ఆరేళ్ల వయసులో కర్ర పట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడు బాకీల ఫాలో అప్ అంతా తనే చూస్తాడు, నాన్నగారు ఊరికి తిరిగొచ్చేశారు. మీ అమ్మాయికి ఆ మూల కుర్చీ రాకూడదు.

కోటా మాట నిజమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది, అందులో 1 శాతం అంధులకు, చూపు బాగా తక్కువగా ఉన్నవారికి. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు. జడ్జి పోస్టులకు చూపులేనివారు పనికిరారని ఒక రాష్ట్రం రాసుకున్న నిబంధనను 2025 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. తలుపులు తెరిచే ఉన్నాయి. వాటిలోంచి నడిచి వెళ్లడం నేర్పేదే ఈ శిక్షణ.

కర్ర గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో వద్దనేది దీన్నే. "కర్ర పట్టుకుంటే ఊరందరికీ తెలిసిపోతుంది, సంబంధాలు రావు" అంటారు. మీ అమ్మాయి జబ్బుకు ఒక చిక్కుంది. మధ్యలో చూపు మిగిలి ఉంటే ఫోన్‌లో మెసేజ్ చదవగలదు, అదే నిమిషంలో పక్కనున్న స్టూలు తన్నుకుని పడిపోతుంది. చూసేవాళ్లు "కనిపిస్తూనే నాటకాలు" అంటారు. ఈ మాట తన చెవిన పడే ఉంటుంది. ఒకసారి తననే అడగండి. తెల్లకర్ర చేతిలో ఉంటే ఆ అనుమానమే ఉండదు, ఆటోవాడు కూడా ఆగి దారిస్తాడు.

కర్ర పొడవు ఛాతీ మధ్య దాకా ఉండాలి. కుడికాలు ముందుకు వేసేటప్పుడు కర్ర కొన ఎడమవైపు తాకాలి, ఎడమకాలు వేసేటప్పుడు కుడివైపు. అలా తర్వాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే తడిమి వస్తుంది. చదివితే రెండు వాక్యాలే. మన వీధుల్లో మూతలేని మోరీలు, అడ్డంగా పెట్టిన బైకుల మధ్య అది ఒంటికి పట్టడానికి నెలలు కావాలి. కిందికి వేలాడే కేబుల్ వైర్ల సంగతి మామూలు కర్ర చెప్పలేదు. ఐఐటీ ఢిల్లీ తయారుచేసిన స్మార్ట్‌కేన్ మోకాలికి పైన ఉన్న అడ్డంకులను శబ్ద తరంగాలతో పసిగట్టి చేతిలో వణుకుతుంది. కానీ ముందు మామూలు కర్రే నేర్వాలి. ఇంకోటి, కళ్లకు గంతలు కట్టి నేర్పించమని అడగండి. చూపు కాస్త మిగిలి ఉన్నంతకాలం మనసు దాన్నే పట్టుకు వేలాడుతుంది. గంతలతో నేర్చుకుంటే పాదం, చెవి, వేళ్లు పనిలోకి వస్తాయి. రేపు చూపు ఇంకా తగ్గినా అప్పటికి ఆ భయం సగం తీరిపోయి ఉంటుంది.

వంట మీకు చెప్పాలా! ఆవాలు చిటపటలాడితే పోపు అయిందని మీరూ చెవితోనే కదా తెలుసుకునేది. దోసె తిరగేయడం, స్టవ్ వెలిగించడం, గ్లాసు అంచు లోపల వేలు ఉంచి నీళ్లు పోయడం, డబ్బాలకు రబ్బరు బ్యాండ్లు వేసి ఉప్పు, పంచదార గుర్తుపట్టడం, ఇవన్నీ పద్ధతిగా నేర్పుతారు. డబ్బూ అంతే. వంద నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రెండొందలది 146, ఐదొందలది 150. ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడాను వేళ్లు పట్టుకోగలవు. పాత నోటైతే తడబాటు ఉంటుంది. దానికి రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన మణి యాప్ ఉంది, ఫోన్ కెమెరా ముందు పెడితే నోటు విలువ పైకి చెబుతుంది.

కంప్యూటర్ లేకుండా ఈ రోజుల్లో ఉద్యోగం లేదు. ఎన్‌వీడీఏ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో ఒక అంధ యువకుడు మొదలుపెట్టాడు, పూర్తిగా ఉచితం. మౌస్ అక్కర్లేదు, అంతా కీబోర్డు మీదే. తెలుగూ చదువుతుంది. అయితే ఒక ఇబ్బంది ముందే తెలియాలి. మన పోటీ పరీక్షల తెలుగు మెటీరియల్ చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, లేదంటే పాత అను ఫాంట్లలో ఉంటుంది. వాటిని ఇది చదవలేదు. యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లో మనం టైప్ చేసే తెలుగులో, ఉన్నదే కావాలి. అందుకే టైపింగ్, వర్డ్, ఎక్సెల్‌తో పాటు స్కాన్ కాపీని అక్షరాలుగా మార్చుకోవడం కూడా నేర్పించమనండి. చూపులేనివారు వాడుకోగలిగే పుస్తకాలున్న సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో సభ్యత్వం తీసుకోండి.

ఎక్కడంటే, మీకు దగ్గర హైదరాబాదే. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు తగ్గినవారికి ప్రత్యేకంగా పునరావాస విభాగం ఉంది. మిగిలిన చూపును ఎలా వాడుకోవాలో కూడా అక్కడే చూపించండి. ఈ జబ్బులో చాలా రకాలకు ఇప్పటికీ నయంచేసే మందు లేదు, గ్యారంటీ అంటూ ఫోన్ చేసేవాళ్లకు రూపాయి ఇవ్వకండి. చూపులేనివారి కోసం డెహ్రాడూన్‌లో ఉన్న జాతీయ సంస్థకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. డెహ్రాడూన్‌లోనైతే పెద్దవయసు అంధుల కోసమే శిక్షణ కేంద్రం నడుస్తోంది. బ్యాచ్‌లు ఎప్పుడో, హాస్టల్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఒక్క ప్రశ్న మాత్రం మరవకుండా అడగండి: శిక్షణ పూర్తయ్యేలోపు అమ్మాయిని ఒంటరిగా బస్సు ఎక్కిస్తారా? గదిలో కూర్చోబెట్టి పాఠం చెప్పే చోట నేర్చుకునేది తక్కువ.

ఇక మీరు గది తీసుకోవడం. వద్దమ్మా. మీరు పక్కనుంటే సాయంత్రం ఐదింటికి శిక్షణ ఆగిపోతుంది, అన్నం కలిపి పెట్టడం మొదలవుతుంది. బొల్లా శ్రీకాంత్ గారి గురించి వినే ఉంటారు. మచిలీపట్నం దగ్గరి పల్లె నుంచి ఆయన్ను ఎనిమిదేళ్లకే హైదరాబాద్ అంధుల బడి హాస్టల్‌కు పంపారు. పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు ఇవ్వం అంటే కోర్టుకెళ్లి సాధించి, తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివి, కంపెనీ పెట్టారు. అందరూ ఆ కోర్టునూ ఎంఐటీనీ తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ పసివాణ్ని హాస్టల్లో వదిలి బస్సెక్కిన తల్లిదండ్రులే గుర్తొస్తారు. మీ అమ్మాయికి 20.

మేనరికంలో ఇలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుందన్నది నిజం. మేనరికం కాని ఇళ్లలోనూ వస్తుందన్నదీ నిజం. మీరు తెలిసి చేసిన తప్పేమీ లేదు. ఆ బాధ తీర్చుకోవడానికి తనకు ముద్దలు పెట్టకండి. రేపటి నుంచే కంచం తన ముందు పెట్టి, "ఎడమవైపు పప్పు, కుడివైపు కూర" అని చెప్పి మీరు పక్కకు జరగండి. ఒలికితే తనే తుడుచుకుంటుంది. బయటికెళ్లేటప్పుడు చెయ్యి పట్టి లాగకండి. తననే మీ మోచేతి పైన పట్టుకుని అరడుగు వెనక నడవనివ్వండి, మీ భుజం కదలికను బట్టి మెట్లు వచ్చాయని తనకే తెలుస్తుంది.

మీ ఉత్తరంలో తనకు ఏం ఇష్టమో ఒక్క మాట లేదు. లెక్కలా, పాటలా, పిల్లలకు పాఠం చెప్పడమా? డిగ్రీలో ఏ గ్రూపన్నది దాన్ని బట్టే చెప్పగలను. తన ఫోన్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి, తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి ఇవ్వండి. ఈ జవాబు మీరు చదివి వినిపించకండి, తననే వినమనండి. రెండో ఉత్తరం తన దగ్గర్నుంచి రానివ్వండి. తప్పులున్నా పర్వాలేదు, మీరు దిద్దకండి.