గ్రాఫ్ బాగానే ఉంది, నక్షత్రాలే సాగుతున్నాయి

ప్రశ్న: నమస్కారమండీ. మామూలు ఫొటోలు చాలా ఏళ్ళుగా తీస్తున్నాను కానీ ఆకాశం ఫొటోలకి కొత్త. నా దగ్గర 400 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న రిఫ్రాక్టర్ (కటకాల టెలిస్కోప్), ఆకాశంతోపాటు తిరిగే ఈక్వటోరియల్ మౌంట్, 3.76 మైక్రాన్ పిక్సెళ్ళ కెమెరా ఉన్నాయి. గైడింగ్‌కి, అంటే ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంట్ తప్పుల్ని దిద్దడానికి, 120 మి.మీ. గైడ్ స్కోప్, దాని వెనక చిన్న కెమెరా, పీహెచ్‌డీ2 సాఫ్ట్‌వేర్. మొన్న మొదటిసారి గైడింగ్ పెట్టి ఆండ్రోమెడా గెలాక్సీని తీశాను, ఒక్కోటి 5 నిమిషాల చొప్పున 12 ఫొటోలు. గ్రాఫ్ అంతసేపూ చక్కగా ఉంది, మొత్తం ఎర్రర్ 0.8 ఆర్క్‌సెకండ్లే (ఒక ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) చూపించింది. తీరా చూస్తే ప్రతి ఫొటోలోనూ నక్షత్రాలు ఒకే వైపుకి సాగి కోడిగుడ్డులా ఉన్నాయి. 30 సెకండ్ల ఫొటోలో మాత్రం గుండ్రంగానే వచ్చాయి. మొదటి ఫొటో నుంచి చివరి ఫొటోకి ఒకే నక్షత్రం దాదాపు 30 పిక్సెళ్ళు జరిగింది, ఫొటోలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి స్టాక్ చేస్తే వెనక నల్లటి ఆకాశంలో ఏటవాలుగా గీతలు కూడా పడ్డాయి. గైడ్ స్కోప్ మరీ చిన్నదై ఇలా అవుతోందా? పెద్దది కొనాలా?

జవాబు: కొనకండి. మీరు చెప్పిన ఆ 30 పిక్సెళ్ళ సంగతిలోనే జవాబుంది, అంత జాగ్రత్తగా కొలిచి రాసినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

ముందు గైడ్ స్కోప్ చిన్నదేమో అన్న అనుమానం తీర్చుకుందాం. పిక్సెల్ సైజుని 206తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక పిక్సెల్‌లో ఆకాశం ఎంత పడుతుందో వస్తుంది. మీ పెద్ద కెమెరాకి అది 1.9 ఆర్క్‌సెకండ్లు. గైడ్ కెమెరా పిక్సెల్ కూడా ఇంచుమించు అంతే ఉంటే దానికి ఆరున్నర దాకా వస్తుంది. ఆరున్నర ఆర్క్‌సెకండ్ల పిక్సెల్‌తో 0.8 ఎలా కొలుస్తుందని అందరికీ వచ్చే సందేహమే. నక్షత్రం వెలుగు నాలుగైదు పిక్సెళ్ళ మీద పరుచుకుంటుంది, సాఫ్ట్‌వేర్ ఆ వెలుగుకి నడిమధ్య ఎక్కడో లెక్కగడుతుంది కాబట్టి పిక్సెల్‌లో ఎనిమిదో వంతు, పదో వంతు కదలికను కూడా పట్టుకోగలదు. మీ గైడ్ స్కోప్ పని అది చేస్తోంది.

మరి నక్షత్రాలెందుకు సాగాయి? గ్రాఫ్ చూపించేది గైడ్ కెమెరాలో ఉన్న నక్షత్రం కదలికను మాత్రమే. మీ ఫొటో తీస్తున్నది వేరే గొట్టం, వేరే కెమెరా. మౌంట్ తిరిగేకొద్దీ బరువు లాగే దిక్కు మారుతుంది, అప్పుడు ఆ రెండు గొట్టాల మధ్య ఎక్కడో వెంట్రుకవాసి వదులుంటే గైడ్ నక్షత్రం కదలకుండా ఉంటుంది, పెద్ద టెలిస్కోప్ మాత్రం మెల్లగా పక్కకి వాలుతుంది. దీన్ని డిఫరెన్షియల్ ఫ్లెక్షర్ అంటారు. గంటకి 30 పిక్సెళ్ళంటే 5 నిమిషాల్లో రెండున్నర, అంటే దాదాపు 5 ఆర్క్‌సెకండ్లు. గుండ్రటి చుక్క కోడిగుడ్డు కావడానికి అది చాలు. 30 సెకండ్లలో పావు పిక్సెలే కాబట్టి కంటికి కనిపించదు. ఏటవాలు గీతలు కూడా దీనివల్లే: నక్షత్రాలను ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చినప్పుడు సెన్సర్‌లోని మచ్చలు ఒకే దారిలో వరసగా పడి గీతలవుతాయి. ఆ గీతల దిక్కు, నక్షత్రం జరిగిన దిక్కు ఒకటేనేమో చూడండి.

పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ ఇరుసుని ఆకాశ ధ్రువానికి గురిపెట్టడం) తప్పినా నక్షత్రాలు సాగుతాయి కానీ తీరు వేరు. అప్పుడు ఫ్రేమంతా గైడ్ నక్షత్రం చుట్టూ తిరుగుతుంది, ఒక మూల తక్కువ, ఎదుటి మూల ఎక్కువ, వంపు తిరిగి సాగుతాయి. మీకు అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయంటున్నారు. అయినా రెండు గొట్టాలూ ఒకే చోటుకి గురిపెట్టి ఉన్నాయో లేదో చూసుకోండి, ఎందుకంటే గైడ్ నక్షత్రం మరీ దూరంగా ఉంటే ఆ తిరగడం కూడా పక్కకి జరిగినట్టే కనిపిస్తుంది. పీహెచ్‌డీ2లోని గైడింగ్ అసిస్టెంట్‌ని ఓ పది నిమిషాలు నడిపితే అలైన్‌మెంట్ ఎంత తప్పిందో చెబుతుంది. 5 ఆర్క్‌నిమిషాల (ఒక్కోటి 60 ఆర్క్‌సెకండ్లు) లోపుంటే మీ ఫోకల్ లెంగ్త్‌కి ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఇక పగటిపూట, వెలుతురులో, అన్నీ బిగించి చూడండి. గైడ్ స్కోప్‌ని పట్టుకుని ఉన్న రింగుల స్క్రూలకి ప్లాస్టిక్ మొనలుంటే మొదటి అనుమానం వాటి మీదే, అవి అణుగుతాయి. గైడ్ కెమెరా ఒక్క స్క్రూతో నిలబడి ఉందా? పెద్ద టెలిస్కోప్ ఫోకసర్‌కి లాక్ వేశారా? వేళ్ళతో మెల్లగా ఊపితే ఏది కదులుతుందో చేతికే తెలుస్తుంది. కేబుళ్ళని మర్చిపోవద్దు. నేను మొదట్లో రెండు నెలలపాటు సాఫ్ట్‌వేర్ సెట్టింగులన్నీ మార్చి మార్చి చూశాను, తప్పు మాత్రం గాల్లో వేలాడుతున్న ఒక యూఎస్‌బీ కేబుల్‌ది, టెలిస్కోప్ పైకి లేచేకొద్దీ అది కెమెరాని కిందికి లాగేది. ఆ కేబుల్‌ని గొట్టానికి కట్టేసిన రాత్రి నక్షత్రాలు గుండ్రంగా వచ్చాయి, ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇవన్నీ అయ్యేదాకా 2 నిమిషాల ఫొటోలు తీసుకోండి, జరిగేది ఒక్క పిక్సెలే, పెద్దగా కనిపించదు. డిథరింగ్ ఆన్ చేయండి, ప్రతి ఫొటోకీ మధ్య మౌంట్‌ని కొద్దిగా అటూఇటూ జరుపుతుంది, ఆ గీతలు పోతాయి. టెలిస్కోప్‌లోంచే గైడ్ నక్షత్రాన్ని పట్టే ఆఫ్-యాక్సిస్ గైడర్ వాడితే ఈ రెండు గొట్టాల గొడవే ఉండదు గానీ 400 మి.మీ.కి నేనైతే వద్దంటాను. వెయ్యి దాటినప్పుడు ఆలోచించండి.

ప్రశ్న: గైడింగ్‌కి ముందు మౌంట్‌ని కదిపి నక్షత్రం ఎంత జరుగుతుందో సాఫ్ట్‌వేర్ కొలుచుకునే క్యాలిబ్రేషన్ ప్రతిసారీ ఫెయిల్ అవుతోంది, నక్షత్రం తగినంత కదల్లేదని మెసేజ్ వస్తోంది. పోలార్ అలైన్‌మెంట్ అయ్యాక మౌంట్ ధ్రువ నక్షత్రం వైపే ఉంటుంది కదా, అక్కడే చేసేస్తున్నాను.

జవాబు: చిక్కంతా ఆ చోటుతోనే. బండి చక్రం తిరుగుతున్నప్పుడు అంచు చాలా దూరం పోతుంది, ఇరుసు దగ్గర చుక్క పెడితే అది కదిలినట్టే ఉండదు. ధ్రువ నక్షత్రం ఆకాశానికి ఇరుసు పక్కన ఉంది. మౌంట్‌ని తూర్పు పడమరలుగా తిప్పే ఆర్.ఏ. మోటారు ఎంత తిప్పినా అక్కడి నక్షత్రం ఖగోళ మధ్యరేఖ దగ్గర కదిలే దాంట్లో సుమారు నూరో వంతే కదులుతుంది, మరి సాఫ్ట్‌వేర్ దేన్ని చూసి లెక్క వేస్తుంది? డెక్లినేషన్ సున్నాకి (అంటే ఆ మధ్యరేఖకి) దగ్గరగా, మెరిడియన్‌కి (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలుగా పోయే గీతకి) కొంచెం పక్కగా ఉన్న చోటుకి తిప్పి చేయండి. మౌంట్ కంప్యూటర్‌కి నేరుగా కలిపి ఉండి, ఎటు చూస్తోందో సాఫ్ట్‌వేర్‌కి చెబుతుంటే ఆ క్యాలిబ్రేషన్‌ని మిగతా ఆకాశానికీ వాడుకోవచ్చు. గైడింగ్ సంకేతాలు మాత్రమే మోసే ఎస్‌టీ-4 కేబుల్ ఒక్కటే ఉంటే సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి తెలీదు, టార్గెట్ మారినప్పుడల్లా మళ్ళీ చేయాల్సిందే.

ప్రశ్న: గైడ్ కెమెరా ఎక్స్‌పోజర్ అర సెకండ్ పెట్టాను, ఎంత త్వరగా సరిచేస్తే అంత మంచిది కదా అని. గ్రాఫ్ రంపం పళ్ళలా ఉంది.

జవాబు: అర సెకండ్‌లో మీకు కనిపించే కదలికలో ఎక్కువ భాగం గాలిది. నక్షత్రం మిణుకుమిణుకుమంటున్నప్పుడు అది నిజంగా పక్కకి పోలేదు, వెలుగు గాల్లో వంగి వస్తోంది. మౌంట్ దాని వెంట పడితే, అది చేరేలోపు నక్షత్రం మళ్ళీ వెనక్కి వచ్చేస్తుంది, లేని తప్పుని దిద్దబోయి కొత్త తప్పు చేస్తుంది. 2 నుంచి 3 సెకండ్లు పెట్టండి. మౌంట్‌ని తిప్పే వార్మ్ గేరులో ఉండే అసలు తప్పు నిమిషాల మీద మెల్లగా పెరిగి తగ్గుతుంది కాబట్టి దాన్ని పట్టుకోవడానికి ఆ వేగం సరిపోతుంది. అప్పటికీ రంపంలాగే ఉంటే ఆర్.ఏ. అగ్రెసివ్‌నెస్ (ప్రతిసారీ తప్పులో ఎంత భాగం దిద్దాలన్న సెట్టింగు) ఒక పది శాతం తగ్గించి, గ్రాఫ్‌ని కనీసం పది నిమిషాలు ముట్టుకోకుండా చూడండి.