లండన్ నడిబొడ్డున జపాన్ తోట ఎలా వచ్చింది? అది మామూలు పార్కు కంటే ఎలా భిన్నం?

మీరు అడుగుతున్నది హాలండ్ పార్కులోని క్యోటో తోట గురించి అనుకుంటాను. బ్రిటన్‌లో జపాన్ ఉత్సవం జరిగిన 1991లో, క్యోటో వాణిజ్య మండలి చొరవతో దీన్ని నిర్మించారు. ప్రవేశానికి రుసుము లేదు.

అసలు తేడా నడకలో తెలుస్తుంది. యూరప్ రాజభవనాల తోటల్లో గీత గీసినట్టుండే దారులు, రెండువైపులా ఒకే తీరు పూల మళ్లు కనిపిస్తాయి. ఇక్కడ అలా కాదు. చెరువు చుట్టూ దారి వంపులు తిరుగుతుంది. ఒక మలుపులో రాతి దీపం, మరో మలుపులో అంచెలంచెలుగా దూకే జలపాతం. ఆ జలపాతం ఎదుట నీటికి దగ్గరగా పరిచిన రాతి పలకలే వంతెన. దానిమీద ఎవరైనా అడుగు నెమ్మదిగానే వేస్తారు, కింద కోయి చేపలు కదులుతుంటాయి. నా మటుకు తోట మొత్తానికి ప్రాణం ఆ చోటే. వెళ్లేవారికి శరదృతువు మేలు, మేపుల్ ఆకులు ఎర్రబడతాయి.

పక్కనే ఫుకుషిమా స్మారక తోట ఉంది. జపాన్‌లో 2011లో వచ్చిన భూకంపం, సునామీ తర్వాత అండగా నిలిచిన బ్రిటన్ ప్రజలకు కృతజ్ఞతగా 2012లో దాన్ని తెరిచారు. చాలామంది గమనించకుండా దాటిపోతారు, మీరు మాత్రం కాసేపు ఆగండి.