ప్యాకేజీ మొత్తం ముందే కట్టమనే చోట ఆగి ఆలోచించండి

ప్రశ్న: పైడిభీమవరంలో ఫార్మా కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. మాది రణస్థలం. జీతం చేతికి 24,000 వస్తుంది, అందులో 10,000 ఇంట్లో ఇస్తాను. మాఘమాసంలో నా పెళ్లి, అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. నాకు గడ్డం మీద, పై పెదవి మీద వెంట్రుకలు ఎక్కువ, బుగ్గల మీద మొటిమల మచ్చలు ఉన్నాయి. శ్రీకాకుళంలో ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్తే 8 లేజర్ సిట్టింగులు, 4 పీల్స్ (మందు పూసి చర్మం పైపొర తీసేవి) కలిపి 45,000 అన్నారు. విడివిడిగా అయితే లేజర్ 4,500, పీల్ 4,000 అట. దసరాలోపు మొత్తం కడితే రంగు తేలడానికి గ్లూటాథయోన్ డ్రిప్‌లు 3 ఫ్రీ అంటున్నారు. పోస్టాఫీసులో నెలకు 1,500 చొప్పున ఆర్డీ 50 నెలలు కట్టాను. అది తీసేయాలా, వాళ్ళిచ్చే నో కాస్ట్ ఈఎంఐ తీసుకోవాలా, అమ్మ గొలుసు తాకట్టు పెడతానంటోంది, అది చేయాలా?

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. మీ ముఖం మీద మీ సొంత సంపాదన ఖర్చు పెట్టుకోవడానికి మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పాల్సిన పని లేదు. గడ్డం మీద వెంట్రుకలున్న ఆడపిల్ల రోజూ అద్దం ముందు పడే బాధ ఏమిటో మా ఇంట్లో చూశాను, కాబట్టి "ఇదంతా ఎందుకు, డబ్బు దాచుకోండి" అని నేను చెప్పను. కానీ మీరు మూడు దారులు చెప్పి ఏది మంచిదని అడిగారు, ఆ మూడూ మొత్తం ముందే కట్టేయడానికి ఉన్న దారులే. అసలు మొత్తం ముందే ఎందుకు కట్టాలి?

లెక్క చూడండి. విడివిడిగా అయితే ఎనిమిది లేజర్లకు 36,000, నాలుగు పీల్స్‌కి 16,000, మొత్తం 52,000. ప్యాకేజీలో 7,000 మిగులుతుందని మీకు కనిపిస్తోంది. ముఖానికి చేసే లేజర్ నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి చేస్తారు, ఎందుకంటే వెంట్రుక పెరిగే దశలో ఉన్నప్పుడే అది పని చేస్తుంది, తొందరపడి వారం వారం చేయించుకున్నా లాభం లేదు. పెళ్లికి ఐదు నెలలుంది. ఎంత గట్టిగా చేసినా ఐదు సిట్టింగులు దాటవు. లేజర్‌కీ పీల్‌కీ మధ్య చర్మానికి విరామం ఇవ్వాలి, పెళ్లి దగ్గర పడ్డాక పీల్ జోలికి పోకూడదు, కాబట్టి పీల్స్ రెండు అవుతాయనుకుందాం. ఐదు లేజర్లకు 22,500, రెండు పీల్స్‌కి 8,000, వెరసి 30,500. ఆ తర్వాత మీరు హైదరాబాద్ వెళ్ళిపోతారు. మిగిలిన మూడు సిట్టింగుల కోసం రైలెక్కి ఆమదాలవలసలో దిగి మళ్ళీ శ్రీకాకుళం వెళ్తారా? వెళ్ళరు. అంటే 7,000 మిగులుతుందని కట్టిన ప్యాకేజీలో మీకు 14,500 పోతుంది. క్లినిక్ వాళ్ళు పెళ్లెప్పుడు, తర్వాత ఎక్కడుంటారు అని మిమ్మల్ని అడిగారా? మీరు రాసినదాన్ని బట్టి అడగలేదనే అనిపిస్తోంది. నాకు ముందుగా అనుమానం వచ్చింది అక్కడే.

సిట్టింగ్‌కి సిట్టింగ్ డబ్బు తీసుకోవడానికి ఒప్పుకునే క్లినిక్ ప్రతిసారీ మిమ్మల్ని మెప్పించాలి, లేకపోతే మీరు మళ్ళీ రారు. మొత్తం ముందే తీసుకున్న క్లినిక్‌కి ఆ అవసరం మొదటి రోజే తీరిపోతుంది. మా అన్నయ్య కూతురు నాలుగేళ్ళ క్రితం విశాఖలో ఒక సెంటర్‌లో ఇలాగే ఈఎంఐ మీద ప్యాకేజీ తీసుకుంది. మూడో సిట్టింగ్ తర్వాత వెళ్తే తాళం, ఫోన్లు ఎత్తరు. ఈఎంఐ మాత్రం ఆ తర్వాత కూడా తొమ్మిది నెలలు దాని జీతంలోంచి పోతూనే వచ్చింది. ఆ అప్పు కాగితాలు సంతకం పెట్టకముందు నాకు చూపించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను, అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నో కాస్ట్ ఈఎంఐ నడిచే తీరు ఇది. ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద అప్పు రాసి, డబ్బు ఒక్కసారిగా క్లినిక్‌కి ఇచ్చేస్తుంది. మీరు బాకీ ఫైనాన్స్ కంపెనీకి. క్లినిక్ మూతపడినా, చర్మం కాలినా, డాక్టర్ మారిపోయినా, 45,000ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 3,750 కట్టాల్సిందే, ఆపితే సిబిల్ స్కోరు పాడవుతుంది, రేపు మీరిద్దరూ ఇంటి లోను అడిగినప్పుడు అది బయటికొస్తుంది. వడ్డీ లేదన్నా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉండొచ్చు. నగదు ఇస్తే ఇంకా తగ్గిస్తామని అన్నారంటే వడ్డీ ధరలోనే కలిసి ఉందని అర్థం. ఇలాంటి డిజిటల్ లోన్లకు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటుతో ఒక వివరాల పత్రం ముందే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, తీసుకున్నాక కూడా మనసు మార్చుకుని బయటపడటానికి కనీసం ఒక రోజు గడువు ఉండాలి. ఆ గడువులో అసలు, అప్పటిదాకా అయిన ఖర్చు కట్టేస్తే జరిమానా వేయకూడదు. రిసెప్షన్‌లో అమ్మాయి "ఎలిజిబిలిటీ చూస్తాను, ఓటీపీ చెప్పండి మేడమ్" అంటే చెప్పకండి. చూడటానికని మొదలుపెట్టి లోను తీసేసుకున్న సంగతులు నా దగ్గరికి వచ్చాయి.

ఆర్డీని ఇప్పుడు కదపకండి. పోస్టాఫీసు ఆర్డీ మూడేళ్ళు దాటాక మూసేయొచ్చు గానీ, అలా మధ్యలో మూస్తే మీకు రావాల్సిన ఆర్డీ వడ్డీ రాదు, సేవింగ్స్ ఖాతాకిచ్చే 4 శాతమే ఇస్తారు. అరవై నెలల ఆర్డీలో ఇంకా పది నెలలే ఉంది. నిజంగా అవసరం పడితే దాని మీదే జమలో సగం వరకు, అంటే మీ విషయంలో 37,500 దాకా, లోను ఇస్తారు, ఆర్డీ వడ్డీ కంటే 2 శాతం ఎక్కువ పడుతుంది. అయినా మీకు అదీ అక్కర్లేదు. ఇక అమ్మ గొలుసు విషయం. పెళ్లి ఖర్చులన్నీ ముందున్న ఇంట్లో ఆ గొలుసే ఆఖరి ఆసరా, దాన్ని లేజర్‌కి వాడొద్దు.

ఇప్పుడు ఎవరి చేతిలో ముఖం పెట్టాలన్నది. మీరు నన్ను డబ్బు గురించే అడిగారు, నిజమే, కానీ తప్పు చేతుల్లో పడితే అయ్యే ఖర్చు ఈ 45,000 కాదు. మన చామనఛాయ చర్మం మీద లేజర్ వేడి ఎక్కువైతే కాలి నల్ల మచ్చ పడుతుంది, ఒక్కోసారి నెలల తరబడి పోదు. దానికి వైద్యం మళ్ళీ సొంత డబ్బుతోనే. ఆరోగ్య బీమా పాలసీల్లో రూపం మార్చుకోవడానికి చేయించుకునే చికిత్సలకు మినహాయింపు రాసే ఉంటుంది, ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత బాగుచేసుకునేవాటికీ వైద్యపరంగా తప్పనిసరైనవాటికీ తప్ప. కాబట్టి కంపెనీ ఇన్సూరెన్స్ వస్తుందని లెక్కేసుకోవద్దు.

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా నేను చూసే పెద్ద ఇబ్బంది ఒకటి. బోర్డు మీద పెద్ద డాక్టర్ పేరుంటుంది, ఆయన విశాఖ నుంచి వారానికో పదిహేను రోజులకో ఒకసారి వస్తారు, మిగతా రోజుల్లో మెషీన్ పట్టుకునేది ట్రైనింగ్ తీసుకున్న అమ్మాయి. ఆ అమ్మాయి చేయడమే తప్పని నేననను. చర్మం చూసి మెషీన్‌లో ఎంత పెట్టాలో నిర్ణయించేది ఎవరు, నా సిట్టింగ్ రోజు డాక్టర్ లోపల ఉంటారా, రాత్రికి మంట పుడితే ఎవరి ఫోన్‌కి చేయాలి అన్నవి సూటిగా అడగండి. చర్మవ్యాధుల డాక్టరంటే ఎంబీబీఎస్ తర్వాత చర్మవ్యాధుల్లో పీజీ, అంటే ఎం.డి. డీవీఎల్ గానీ, డీఎన్‌బీ గానీ, డిప్లొమా గానీ ఉండాలి. "కాస్మెటాలజిస్ట్" అన్న మాట కొన్ని వారాల కోర్సు చేసినవాళ్ళూ రాసుకుంటారు. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి నేషనల్ మెడికల్ కమిషన్ సైట్‌లోని రిజిస్టర్‌లో పేరు కొట్టి చూడండి, ఐదు నిమిషాల పని. క్లినిక్‌కి జిల్లా వైద్యాధికారి కార్యాలయం నుంచి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ గోడ మీద కనిపించాలి. అడిగితే చిరాకు పడే చోట, అమ్మా, రెండో మాట లేకుండా లేచి వచ్చేయండి.

మెషీన్ సంగతి కూడా అడగండి. మన రంగుకి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అనే లేజర్ భద్రమైనది, డయోడ్ అనే రకం కూడా జాగ్రత్తగా వాడితే ఫర్వాలేదు. ఐపీఎల్ అంటే గట్టి వెలుగు కొట్టే మెషీన్, అసలు లేజరే కాదు, బ్యూటీ పార్లర్లలో దాన్నీ లేజర్ పేరుతోనే చేస్తారు. మంచి చోట ముందు చెవి దగ్గరో గడ్డం కిందో చిన్న చోట టెస్ట్ చేసి కొన్ని రోజులు ఆగమంటారు, కళ్ళకు గాగుల్స్ పెడతారు, నాలుగు వారాలు థ్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించుకోవద్దు, షేవింగ్ మాత్రమే అని చెప్తారు, ఎందుకంటే వెంట్రుక కుదురు లోపల ఉంటేనే లేజర్‌కి అందుతుంది. స్కూటీ మీద ఎండలో తిరుగుతారా అని కూడా అడుగుతారు, ఎండకు నల్లబడ్డ చర్మం తొందరగా కాలుతుంది. ఇవేవీ చెప్పకుండా కార్డు మెషీన్ ముందుకు తోసేవాళ్ళకు మీ చర్మం గురించి పట్టింపు లేదు. ప్రతి సిట్టింగ్‌లో ఏ మెషీన్, ఎన్ని జౌల్స్ (లేజర్ శక్తి కొలత) పెట్టారో కార్డు మీద రాసి ఇమ్మనండి, రేపు హైదరాబాద్‌లో ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా ఆ కార్డు పనికొస్తుంది, మొదటికి రారు.

"జీవితంలో మళ్ళీ రావు" అని హామీ ఇచ్చినచోట నమ్మకండి. లేజర్‌తో వెంట్రుకలు తగ్గుతాయి, సన్నబడతాయి, అప్పుడప్పుడు మళ్ళీ టచప్ చేయించుకోవాలి. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు రెండూ ఉన్నాయన్నారు, నెలసరి సరిగ్గా రావడం లేదా? మీరు రాయలేదు, నాకు చెప్పక్కర్లేదు కూడా, కానీ అలా ఉంటే ముందు గైనకాలజిస్ట్‌కి చూపించి పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయ సమస్య) ఉందేమో హార్మోన్ పరీక్షలు చేయించుకోండి. హార్మోన్ తేడా అలాగే ఉంచి లేజర్ చేయించుకుంటే ఒక పక్క పోతుంటే ఇంకో పక్క వస్తుంటాయి, కొందరికి ముఖం మీద వెంట్రుకలు ఇంకా పెరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఈ ప్రశ్న మీ క్లినిక్‌లో ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే వాళ్ళ మీద నా అభిప్రాయం కొంచెం మారుతుంది. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, విశాఖ కేజీహెచ్‌లో ఉంది. ఒక పూట సెలవు పెట్టి అక్కడ చూపించుకుంటే అమ్మేవాళ్ళు కానివాళ్ళ మాట ఒకటి మీ చేతిలో ఉంటుంది.

ఆ ఫ్రీ డ్రిప్‌లు మాత్రం వద్దు, ఎవరు ఎంత చెప్పినా వద్దు. గ్లూటాథయోన్ ఇంజెక్షన్‌కి మన దేశంలో రంగు తేలడానికి అనుమతి లేదు, అది కాలేయ జబ్బుల్లో వాడే మందు. నరంలోకి ఎక్కించేది ఏదైనా ఎలర్జీ వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు. ఆక్సిజన్ సిలిండర్ కూడా లేని గదిలో కుర్చీలో కూర్చోబెట్టి దాన్ని ఎక్కిస్తారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే భయం వేసింది ఈ ఒక్క వాక్యానికే. అబ్బాయి మిమ్మల్ని చూసే ఒప్పుకున్నాడు కదా.

నేనైతే ఇలా చేస్తాను. ఇంటికి ఇచ్చాక మీ దగ్గర 14,000 ఉంటుంది, ఆర్డీకి 1,500 పోగా 12,500. అందులో నెలకు 6,500 పక్కన పెట్టండి, ఐదు నెలలకు 32,500, మీ 30,500 అందులోనే సరిపోతుంది, ఎవరికీ బాకీ లేదు. మొదటి నెల డాక్టర్ ఫీజు, పరీక్షలు, టెస్ట్ ప్యాచ్‌తో గడిచిపోయి ఒక సిట్టింగ్ తగ్గినా ఫర్వాలేదు. డబ్బు క్లినిక్ పేరు మీదున్న ఖాతాకే పంపండి, రిసెప్షనిస్ట్ సొంత ఫోన్ నంబర్‌కి కాదు, ప్రతిసారీ బిల్లు తీసుకోండి, జీఎస్టీ వేస్తే దాని మీద వాళ్ళ జీఎస్టీ నంబర్ ఉందో లేదో చూడండి.

ఇంత జాగ్రత్త పడ్డా ఏదైనా తేడా వస్తే, "నాన్ రీఫండబుల్" అని బిల్లు మీద అచ్చేసినంత మాత్రాన దారి మూసుకుపోదు. ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు, 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్ళోనే వేసుకోవచ్చు, అంటే పెళ్లయ్యాక హైదరాబాద్‌లో కూడా. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. బిల్లులు, కార్డు, సిట్టింగ్‌కి ముందూ తర్వాతా తీసుకున్న ఫోటోలు ఒకే ఫోల్డర్‌లో ఉంచండి.

దసరా ఆఫర్ పోతే పోనివ్వండి, సంక్రాంతికి ఇంకో ఆఫర్ పెడతారు. ఈ ఆదివారం వెళ్ళి "విడిగా కడతాను, డ్రిప్‌లు వద్దు, డాక్టర్ ఉన్న రోజే వస్తాను" అని చెప్పి చూడండి, వాళ్ళేమన్నారో నాకు రాయండి. ఒప్పుకోకపోతే విజయనగరంలోనూ విశాఖలోనూ అలా తీసుకునే డాక్టర్లున్నారు, మీకు రణస్థలం నుంచి ఎటైనా బస్సుంది. పోస్టాఫీసు పాస్‌బుక్ తీసి ఖాతా తెరిచిన తేదీ కూడా చూసుకోండి, 15వ తేదీలోపు తెరిచి ఉంటే ఈ నెల 1,500 కూడా 15లోపే పడాలి.