సీటొచ్చింది సరే, పట్టా చేతికి రావాలంటే

చిన్నా,

అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లో నీకు సీటొచ్చిందని చెబుతూ మీ అమ్మ ఫోన్‌లోనే ఏడ్చేసింది. నాకూ అంతే సంతోషంగా ఉంది. అదే చదువు నేను నలభై ఒకటో ఏట మొదలుపెట్టి, ఆఫీసూ ఇల్లూ చూసుకుంటూ పూర్తి చేశాను కదా, అందుకే నువ్వు మొదటి ఫీజు కట్టేలోపు నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను.

ముందు లెక్క తెలుసుకో. పట్టాకు 30 క్రెడిట్లు కావాలి. కోర్సుకు 3 చొప్పున పది కోర్సులు. థీసిస్ రాయక్కర్లేదు. గడువు ఆరేళ్లు. సగటు 3.0కి తగ్గకూడదు. మన యూనివర్సిటీల్లోలా మార్కుల శాతాలు ఉండవు, బి ప్లస్, ఎ మైనస్ కూడా అక్కడ లేవు. ఎ వస్తే 4, బి వస్తే 3, సి వస్తే 2, అంతే. కాబట్టి ఒక సి వచ్చిందంటే దాన్ని పూడ్చడానికి ఇంకెక్కడో ఒక ఎ తెచ్చుకోవాలి. ఏడాదికి మూడు సెమిస్టర్లు, ఒక్కోదాంట్లో ఒక్క కోర్సే తీసుకున్నా మూడేళ్ల పైచిలుకులో అయిపోతుంది. తొందరేమీ లేదు. పట్టా మీద ఆన్‌లైన్ అన్న మాట ఉండదు, క్యాంపస్‌లో చదివినవాళ్లకిచ్చేదీ అదే. అయితే దీని మీద అమెరికా స్టూడెంట్ వీసా రాదు. మీ నాన్నకు ఆ ఆశ ఉన్నట్టుంది, నువ్వే విడమర్చి చెప్పు.

ఇప్పుడు అసలు విషయం. సీటు ఇచ్చినంత మాత్రాన పూర్తిగా చేర్చుకున్నట్టు కాదు. చేరిన 12 నెలల్లో, వాళ్లు ఫౌండేషనల్ అని గుర్తుపెట్టిన కోర్సుల్లో రెండింటిలో బి లేదా అంతకన్నా మంచి గ్రేడు తెచ్చుకోవాలి. లేకపోతే ముందుకు పోనివ్వరు. ఆగస్టులో మొదలుపెడితే నీకు మూడు సెమిస్టర్లు ఉంటాయి, రెండు గట్టెక్కాలి. ఒక్కటి తడబడినా ఇంకో అవకాశం ఉంటుందన్నమాట. కానీ ఆ మూడోది వేసవి సెమిస్టర్. పదహారు వారాల పాఠం పదకొండు, పన్నెండు వారాల్లో ఊపిరాడకుండా వస్తుంది. అందుకే మొదటి రెండు సెమిస్టర్లలోనే ఆ రెండూ అయిపోవాలని గట్టిగా అనుకో. నువ్వు ఇ.సి.ఇ. చదివావు, డేటా స్ట్రక్చర్స్ మీద పట్టు తక్కువ. మెషీన్ లెర్నింగ్ మీద మోజుతో మొదటి సెమిస్టర్‌లోనే ఆ కోర్సు తీసుకోకు. సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ ప్రాసెస్‌తోనో, కంప్యూటర్ నెట్‌వర్క్స్‌తోనో మొదలుపెట్టు. రెండూ ఫౌండేషనల్ జాబితాలో ఉన్నవే. వాళ్ల వీడియోలకూ, పరీక్షలకూ, గ్రేడింగ్‌కూ అలవాటు పడటానికే నాలుగు నెలలు పడుతుంది.

నువ్వు మెషీన్ లెర్నింగ్ స్పెషలైజేషన్ అంటున్నావని విన్నాను. మంచిదే. కానీ అందులో గ్రాడ్యుయేట్ ఆల్గరిథమ్స్ అనే కోర్సు తప్పనిసరి, దాంట్లో బి రావాల్సిందే. సి వస్తే స్పెషలైజేషన్‌కు పనికిరాదు, మళ్లీ రాయాలి. పైగా ఆ కోర్సులో సీటు దొరకడమే కష్టం. ఎక్కువ క్రెడిట్లు పూర్తిచేసినవాళ్లకు రిజిస్ట్రేషన్ ముందు తెరుచుకుంటుంది కాబట్టి చాలామందికి అది చివరి కోర్సుగానే మిగులుతుంది. తొమ్మిది కోర్సులు అయిపోయి, ఒక్క గ్రేడు కోసం బిక్కుబిక్కుమంటూ కూర్చోవడం ఎలా ఉంటుందో నేను చూశాను. దానికి మందు ఒకటే. ఆ కోర్సు ఇంకా ఏడాది ఉందనగానే అందులో వచ్చే డైనమిక్ ప్రోగ్రామింగ్, గ్రాఫులు, ఎన్‌పి కంప్లీట్‌నెస్ లాంటి పాఠాల్లోంచి రోజుకో లెక్క చొప్పున కాగితం మీద చెయ్యి. కోడ్ రాస్తే చాలదు, నీ పద్ధతి ఎందుకు సరైనదో మాటల్లో రాసి ఒప్పించాలి. అప్పటికీ కుదరకపోతే, ఆ కోర్సు తప్పనిసరి కాని స్పెషలైజేషన్‌కు మారే దారి కూడా ఉంది. ఒకప్పుడు ఇంటరాక్టివ్ ఇంటెలిజెన్స్ అని పిలిచిన, ఇప్పటి ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అలాంటిది. అందుకే మిగతా కోర్సులు ఎంచుకునేటప్పుడు రెండింటికీ పనికొచ్చేవి వీలైనన్ని తీసుకో.

మెషీన్ లెర్నింగ్ కోర్సు గురించి ఒక్క మాట. కోడ్ లైబ్రరీల నుంచి తెచ్చుకున్నా వాళ్లకు అభ్యంతరం లేదు, అసైన్‌మెంట్లలో మార్కులు రిపోర్టుకే. గ్రాఫు గీసి ఊరుకోకుండా, ఆ గీత అక్కడెందుకు వంగిందో రాయాలి. మన చదువులో మనకు అలవాటు లేని పని అది.

ఆపరేటింగ్ సిస్టమ్స్ పరిచయం కోర్సు మాత్రం కుదిరితే వదులుకోకు. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది అదే. సి భాషలో ఫైళ్లు పంపే సర్వరూ, అడిగే క్లయింటూ రాయాలి, రెండింటిలోనూ చాలా థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే సాగే పనులు, నడవాలి. నా క్లయింట్ ఫైళ్లన్నీ దించుకునేది, కానీ ప్రోగ్రామ్ ముగిసేది కాదు, అలా వేలాడుతూ ఉండిపోయేది. మూడు రాత్రులు వంటగది బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. మూడో రాత్రి ఒంటిగంటకు దొరికింది. పని అయిపోయిందని నేను ఒక్క థ్రెడ్‌నే నిద్రలేపుతున్నాను, మిగతావి ఎవరో పిలుస్తారని అలాగే పడుకుని ఉన్నాయి. ఒక్కదాన్నే లేపే సిగ్నల్ అన్నచోట అన్నిటినీ లేపే బ్రాడ్‌కాస్ట్ అని మార్చాను. ఒక్క లైను. మీ మామయ్యను లేపి మరీ చూపించాను. ఆ తర్వాత ఆఫీసులో అలాంటి బగ్ వస్తే నాకు భయం వేయలేదు.

అలాంటి రాత్రుల్లోనే ఎవరిదో పాత కోడ్ ఇంటర్నెట్‌లో కనిపిస్తుంది. ముట్టుకోకు. అందరి కోడ్‌నూ పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ ఉంది, పట్టుబడితే కేసు స్టూడెంట్ ఇంటెగ్రిటీ ఆఫీసుకు వెళుతుంది. నీ కోడ్‌ను కూడా పబ్లిక్‌గా పెట్టకు. ఎవరైనా దాన్ని కాపీ కొడితే నువ్వూ ఇరుక్కుంటావు. పని కుదరక కోర్సు నడవట్లేదనిపిస్తే సెమిస్టర్ మధ్యలో గడువులోపు విత్‌డ్రా అవ్వు. గ్రేడు బదులు విత్‌డ్రా అయ్యావని డబ్ల్యూ పడుతుంది కానీ సగటు చెడదు. నేనొకసారి ఒకే సెమిస్టర్‌లో రెండు కోర్సులు తీసుకుని, ఆఫీసులో రిలీజ్ ముంచుకొచ్చి, ఒకటి అలాగే వదిలాను. ఆ రోజు చాలా బాధపడ్డాను. ఇప్పుడు చూస్తే అది సరైన పనే.

గడువుల సంగతి రాసుకో. చాలా కోర్సుల్లో ఆదివారం రాత్రి అని ఉంటుంది, కానీ అది భూమ్మీద అన్నిటికన్నా వెనక ఉండే టైమ్‌జోన్ లెక్క. మనకు సోమవారం సాయంత్రం అయిదున్నర అవుతుంది. ఆ టైముకు నువ్వు ఆఫీసు మీటింగ్‌లో ఉంటావు. కాబట్టి నీ గడువు ఆదివారం రాత్రే అనుకో. పరీక్షలు కెమెరా ముందు రాయాలి, గది మొత్తం తిప్పి చూపించాలి. ఆ రెండు మూడు గంటలు గదిలోకి ఎవరూ రాకూడదని ఇంట్లో ముందే చెప్పు. మీ అమ్మ కాఫీ పట్టుకుని వస్తుంది, నాకు తెలుసు.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటుంది. పది కోర్సులూ అయితే పట్టా దానంతట అది రాదు. గ్రాడ్యుయేషన్‌కు విడిగా దరఖాస్తు పెట్టాలి, అదీ చివరి సెమిస్టర్‌కు ముందు సెమిస్టర్‌లోనే. డిగ్రీవర్క్స్ అని ఒకటుంటుంది, ఏ నియమం తీరిందో ఏది మిగిలిందో అందులో కనిపిస్తుంది. ప్రతి సెమిస్టర్ చివరా ఒకసారి తెరిచి చూడు.

వచ్చే ఆదివారం భోజనానికి రా. పది కోర్సులూ ఏ వరసలో చేద్దామనుకుంటున్నావో ఒక కాగితం మీద రాసి తీసుకురా. నా పాత నోట్‌పుస్తకాలు అటక మీద నుంచి దింపించి పెడతాను.

మీ అత్త